హెల్మెట్‌లో తలను కాచేది ఏది?

విజయనగరం జిల్లా చీపురుపల్లి, గరివిడి ప్రాంతంలో మాంగనీసు తవ్వకం 1890లలోనే మొదలైంది. అక్కడి గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్లకు తల మీద ప్లాస్టిక్ టోపీ కొత్తేమీ కాదు. డ్యూటీ దిగాక అదే పెట్టుకుని బండెక్కితే మాత్రం ప్రమాదం. దాని మీదా ఐఎస్ఐ ముద్ర ఉంటుంది కదా అనిపించవచ్చు. ముద్ర పైనున్న అంకె చూడండి. ఫ్యాక్టరీ టోపీకి ఐఎస్ 2925, బండి హెల్మెట్‌కు ఐఎస్ 4151.

పైనుంచి రాయి పడితే ఫ్యాక్టరీ టోపీలోని పట్టీలు ఆ దెబ్బను తలంతా పంచుతాయి. బండి మీంచి పడినవాడికి దెబ్బ కణతకో, నుదుటికో, తల వెనకో తగులుతుంది. అక్కడ ఆదుకునేది లోపలి గట్టి థర్మాకోల్ పొర. బయటి పెంకు ఎంత మెరిసినా ఆ పొర లేకపోతే అది హెల్మెట్ కాదు.

ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి పడిన తల నేలను తాకేసరికి వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. ఆగి ఉన్న బండి మీంచి ఒరిగిపడినా అంతే. ఉత్త తల తారురోడ్డు మీద రెండు మిల్లీమీటర్లలో ఆగిందనుకుందాం. ఆ కుదుపు గురుత్వాకర్షణకు 700 రెట్లు దాటుతుంది. మధ్యలో థర్మాకోల్ 25 మిల్లీమీటర్లు నలిగితే సగటున 60 రెట్లకు దిగుతుంది. కపాలం టక్కున ఆగినా, లోపల ద్రవంలో ఉన్న మెదడు వెంటనే ఆగదు. ఎముక చిట్లకపోయినా మనిషి పోయేది అందుకే.

బండి నడిపేవాళ్లకు హెల్మెట్ అవసరమన్న సంగతిని వైద్యలోకం ముందు గట్టిగా నిలబెట్టినవాడు హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు. 1935లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో గాయపడిన బ్రిటిష్ సైనికాధికారి టి.ఇ. లారెన్స్‌కు వైద్యం చేసినవాళ్లలో ఆయన ఒకరు. లారెన్స్ ఆరు రోజులకు చనిపోయాడు. కెయిర్న్స్ 1941లో మోటార్‌సైకిల్ నడిపే సైనికుల తలగాయాలను పరిశీలించి, హెల్మెట్ ప్రాణం కాపాడుతుందని వ్యాసం ప్రచురించాడు.

షాపులో మెత్తటి గుడ్డ నొక్కి చూసి మురిసిపోకండి. అది సుఖానికే. దాన్ని కాస్త పక్కకు జరిపితే కింద గింజలు గింజలుగా అతుక్కున్న పొర కనబడాలి. పలచటి స్పాంజి తప్ప ఏమీ లేకపోతే అక్కడే వదిలేయండి. ఐఎస్ఐ ముద్ర లేని బండి హెల్మెట్ అమ్మడం 2021 జూన్ 1 నుంచి నేరం. గడ్డం కూడా కప్పేదైతే మేలు.

తలకు పెట్టి పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు లాగండి. ఊడి వచ్చిందా, సైజు పెద్దది. చెమటకు తువ్వాలు చుట్టి దాని మీద పెట్టుకునే అలవాటు మన ఎండల్లో అర్థమయ్యేదే, కానీ మందపు గుడ్డ మీద హెల్మెట్ జారుతుంది. పట్టీ పెట్టుకోనివాడికి హెల్మెట్ ఉన్నా లేనట్టే, తల కన్నా ముందు అదే ఎగిరిపోతుంది.

పడేటప్పుడు ముందు నేలకు ఆనేది అరచెయ్యి. కాబట్టి హెల్మెట్ తర్వాత డబ్బు పెట్టాల్సింది గ్లౌజుల మీద, ఆపైన చీలమండ కప్పే బూట్ల మీద. చెప్పులు ఏమీ ఆపవు. వెనక కూర్చున్న ఆడవాళ్లకూ, పిల్లలకూ వాళ్ల తలకు సరిపడే హెల్మెట్టే కావాలి. నాలుగేళ్ల లోపు పిల్లలను కూడా 2023 నుంచి నిబంధనల్లో చేర్చారు.

హెల్మెట్‌ను అద్దానికి తగిలించి వెళ్తే ఆ కొస గుచ్చుకుని లోపలి పొరకు గుంట పడుతుంది. పెట్రోలు తగిలితే థర్మాకోల్ కరుగుతుంది. ఒకసారి నలిగిన పొర మళ్లీ లేవదు, పైకి గీత కూడా కనబడకపోవచ్చు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను తమ్ముడికి ఇవ్వకండి, పట్టీ కోసి పారేయండి.