అమ్మకు తమిళం రాకున్నా ఇంటిపని సాగుతుంది

హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఇంటి మాట తెలుగు, వీధిలో వినబడేది కన్నడమూ తమిళమూ, బడిలో రాయవలసింది తమిళం. 2006లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన తమిళ అభ్యసన చట్టం ఆ విద్యాసంవత్సరంలో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున పైకి సాగి, 2015-16 నాటికి పదో తరగతిని చేరింది. ఆ చట్టపు మంచిచెడ్డలు వేరే చర్చ. దాని పర్యవసానం మాత్రం ప్రతి సాయంత్రమూ మన ఇళ్ళలో కనిపిస్తూనే ఉంది. బిడ్డ తమిళ పుస్తకం తెరవగానే "నాకు రాదు నాయినా, ట్యూషన్ అక్కని అడుగు" అని తల్లి పక్కకు తప్పుకుంటోంది.

అలా తప్పుకోవలసిన అవసరం లేదు. పాఠం చెప్పే బాధ్యత ఉపాధ్యాయునిది. ఇంటివారు సమకూర్చవలసింది ఒక వేళ, ఒక చోటు, వినే ఓపిక. వీటికి తమిళ అక్షరజ్ఞానంతో పని లేదు.

వేళ కుదర్చడమే అన్నిటికన్నా కష్టం. సిప్కాట్ కర్మాగారాలలో పనిచేసే తండ్రులు చాలామందికి షిఫ్టులు మారుతూ ఉంటాయి. ఒక వారం సాయంత్రం ఇంట ఉన్న మనిషి మరువారం ఉండడు. ఇంటి పద్ధతి కూడా షిఫ్టును బట్టి మారితే బిడ్డకు ఏ పద్ధతీ అలవడదు. అందుచేత గడియారం కంటె, రోజూ తప్పక జరిగే ఒక పనిని గుర్తుగా పెట్టుకోవడం మేలు. బడి నుండి వచ్చి, కాళ్ళు కడుక్కొని, ఏదో ఇంత తిని, కాసేపు ఆడుకొన్న తరువాత, ఇంట దీపం పెట్టగానే పుస్తకం తీయాలన్నది అటువంటి గుర్తు. మొదట్లో కొన్ని వారాలు పిలవవలసి వస్తుంది, విసుగుకోరాదు. మరొక చిక్కు ఫోను. బడివారు వాట్సాప్‌లో పంపిన ఇంటిపని తండ్రి జేబులో రాత్రి షిఫ్టుకు వెళ్ళిపోతే బిడ్డ చేయగలిగిందేముంది? బడి విడిచే ముందే డైరీలో రాసుకొని రమ్మనాలి.

చోటుకు టీవీ వినబడని మూల, తగిన వెలుతురు, ఒక చాప చాలు.

ఇక వినడం. తమిళ పాఠాన్ని బిడ్డ చేత బిగ్గరగా చదివించి, అందులోని సంగతిని తెలుగులో చెప్పమనాలి. అర్థమైనది చెప్పగలడు. బట్టీ పట్టినది రెండో వాక్యం దగ్గరే ఆగిపోతుంది. ఆగిన చోట పెన్సిలుతో గీత గీయించి, మర్నాడు ఉపాధ్యాయుని అడిగి రమ్మనాలి.

తెలుగు పిల్లలు ఎక్కడ తడబడతారో ముందే తెలిసి ఉంటే పెద్దలకు కోపం తగ్గుతుంది. మన క, ఖ, గ, ఘ నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం. ప, ఫ, బ, భలకూ అంతే. మన 'బడి'ని ఆ లిపిలో రాస్తే 'పడి' అనీ చదువుకోవచ్చు, తమిళంలో దానికి 'చదువు' అనీ 'మెట్టు' అనీ వేరే అర్థాలున్నాయి! ల, ళలకు తోడు నేటి తెలుగులో లేని మరొక ధ్వని ఉంది. 'తమిళ్' అన్న పేరు చివర వినిపించేది అదే. ఇన్నిటి మధ్య తడబడిన బిడ్డను మొద్దు అనడం అన్యాయం. లెక్కలకు ఈ బెడద లేదు. బడిలో ఏ భాషలో నేర్పితే ఆ భాషలోనే ఎక్కాలు చెప్పించి, జవాబులు అంకెలలో రాయించి తల్లే సరిచూడవచ్చు.

ఎంతసేపు చేయించాలన్నది తరచు వచ్చే ప్రశ్న. కేంద్రం 2020లో ప్రకటించిన పాఠశాల సంచి విధానం ప్రకారం రెండో తరగతి వరకు ఇంటిపని ఉండరాదు. మూడు నుండి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలు, ఆరు నుండి ఎనిమిదికి రోజుకొక గంట, ఆపై తరగతులకు రోజుకు రెండు గంటలు మించరాదు. సీబీఎస్ఈ బడులకు సంబంధించిన వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు 2018లోనే ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని కూడదన్నది. ఒకటో తరగతి బిడ్డ రాత్రి తొమ్మిదింటి దాకా రాస్తూ కూర్చుంటే, బిడ్డను గదమడం మాని బడికి వెళ్ళి అడగాలి.

బడిలో తెలుగు లేని పిల్లలకు మన అక్షరాలు దక్కే చోటు కూడా ఈ సాయంత్రమే. అలసిన బిడ్డకు మరొక కాపీ పుస్తకం ఇస్తే తెలుగంటేనే విసుగు పుడుతుంది. కుప్పంలోని అమ్మమ్మకు ఫోనులో తెలుగు అక్షరాలతో రెండు ముక్కలు రాయించవచ్చు, అంగడి సరుకుల చీటీ రాయించవచ్చు. పది నిమిషాలు చాలు. ఇంతసేపూ వింటూ కూర్చున్న తల్లి ఇక్కడ దిద్దగలుగుతుంది. అయితే 'పప్పు'కు ఒత్తు పోయిందని మొదటి నెలలోనే దిద్దనక్కరలేదు. అంగడివానికి తెలుగు రాకుంటే ఆ చీటీ తమిళంలో చదివి వినిపించేదీ బిడ్డే కదా.