కారుకు కొత్త ముక్కు కావాలా?

ఒక ఊళ్ళో ఒక తల్లి ఉంది. ఆమె పొదుపు సంఘంలో సభ్యురాలు. ఆమె కొడుకు టాక్సీ నడుపుతాడు. అది టర్బో ఉన్న డీజిల్ కారు. వాయిదాల మీద కొన్నారు. నెలనెలా వాయిదా కట్టాలి.

ఒకరోజు కొడుకు ఇంటికి వచ్చి అన్నాడు.

"అమ్మా, కారు ఇదివరకటిలా లాగడం లేదు. గాలి పీల్చే గొట్టం కొత్తది దొరుకుతుందట. కంపెనీ గొట్టం తీసేసి అది పెడితే పికప్ పెరుగుతుందట. మైలేజీ కూడా పెరుగుతుందట. పన్నెండు వేలు అవుతుంది. సంఘంలో అప్పు తీసి ఇవ్వవా?"

తల్లి వెంటనే అవునని అనలేదు. కాదనీ అనలేదు.

"గొట్టం మారిస్తే బండికి బలం ఎలా వస్తుందిరా? తెలిసినవాళ్ళను అడుగుదాం పద" అంది.

ఇద్దరూ బెజవాడ ఆటోనగర్ వెళ్ళారు. అక్కడ ఒక పాత మేస్త్రీ ఉన్నాడు. ఆయన అమ్మే మనిషి కాదు, బాగుచేసే మనిషి.

ఇంజను ఊపిరి

"అమ్మా, పొయ్యిలో మంట మండాలంటే ఏం కావాలి?" అని అడిగాడు మేస్త్రీ.

"కట్టెలు కావాలి. గాలి కావాలి."

"ఇంజనూ అంతే. డీజిల్ కట్టెల వంటిది. గాలి లేకపోతే అది మండదు. ఒక్క లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 10 వేల లీటర్ల గాలి కావాలి."

తల్లి ఆశ్చర్యపోయింది. అంత గాలిని ఇంజను రోడ్డు మీదనే పీలుస్తుంది. ఆ గాలిలో దుమ్ము ఉంటుంది, ఇసుక ఉంటుంది. అందుకే గాలి వచ్చే దారిలో ఒక ఫిల్టరు పెడతారు. ఇది మడతలు మడతలుగా ఉండే కాగితం. తూర్పారబట్టేటప్పుడు మనం ముక్కుకు చీర చెంగు అడ్డం పెట్టుకుంటాం కదా! ఫిల్టరు ఇంజనుకు అలాంటిదే.

టర్బో అంటే ఏమిటి?

కమ్మరి కొలిమిలో తిత్తి ఊదుతాడు. గాలి ఎక్కువ పోతుంది, నిప్పు రాజుకుంటుంది. టర్బో కూడా ఇంజనులోకి గాలిని ఒత్తి పంపుతుంది. మరి దీన్ని తిప్పేది ఎవరు? ఇంజను వదిలే పొగే తిప్పుతుంది. పొగ పోయే దారిలో ఒక చక్రం ఉంటుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది. పొగ మొదటి చక్రాన్ని తిప్పితే రెండోది గాలిని లోపలికి తోస్తుంది. ఈ చక్రాలు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరగగలవు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుషీ 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు పొందాడు.

కొత్త గొట్టం బలం ఇస్తుందా?

"గాలి ఎక్కువ వస్తే బలం ఎక్కువే కదా అన్నా?" అన్నాడు కొడుకు.

మేస్త్రీ నవ్వాడు. "కట్టెలు రెండే పెట్టి ఎంత ఊదితే ఏం లాభం? మంట ఆ రెండు కట్టెలదే. డీజిల్ ఇంజనులో గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది. బలం ఎంతో తేల్చేది డీజిలు. ఎంత డీజిల్ పోయాలో, టర్బో ఎంత ఒత్తిడి ఇవ్వాలో బండిలోని చిన్న కంప్యూటరు చూస్తుంది. ఫిల్టరు దగ్గర గాలికి కాస్త అడ్డు ఉంటే టర్బో ఇంకొంచెం గట్టిగా తిరిగి ఆ లోటు తీరుస్తుంది. అడ్డు తీసేస్తే టర్బోకు కొంచెం పని తగ్గుతుంది. అంతే. చక్రాలకు వచ్చే బలం పెద్దగా మారదు."

"మరి కొత్త గొట్టం పెట్టినవాళ్ళు బండి దూసుకుపోతోంది అంటున్నారే?"

"చప్పుడు పెరుగుతుంది బాబూ. బుస్సుమని శబ్దం వస్తే జోరు పెరిగినట్టు అనిపిస్తుంది."

మైలేజీ సంగతి కూడా చూద్దాం. అమెరికాలో ఓక్ రిడ్జ్ అనే చోట ప్రభుత్వ ప్రయోగశాల ఉంది. అక్కడ 2009లో ఒక పరీక్ష చేశారు. మూసుకుపోయిన ఫిల్టరుతోనూ, శుభ్రమైన ఫిల్టరుతోనూ కార్లు నడిపి చూశారు. కంప్యూటరు ఉన్న కార్లలో మైలేజీ దాదాపు మారలేదు. శుభ్రమైన ఫిల్టరు పెడితే పెట్రోలు కార్లలో పికప్ మాత్రం పెరిగింది. మూసుకుపోయిన ఫిల్టరు మార్చినా పెరగని మైలేజీ, మంచి ఫిల్టరు తీసి కొత్త గొట్టం పెడితే ఎలా పెరుగుతుంది?

నష్టం కూడా ఉంది

కంపెనీ గొట్టం బండి ముందు వైపు నుంచి చల్లని గాలి తెస్తుంది. బయట అమ్మే కొన్ని గొట్టాలకు ఫిల్టరు బానెట్ కింద విడిగా ఉంటుంది. అక్కడ ఇంజను వేడి ఉంటుంది. వేడి గాలి పలచన. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే నూటికి 3 వంతులు పలచబడుతుంది. చాలా టర్బో బండ్లలో గాలిని చల్లబరిచే భాగం ఉంటుంది. అది కొంత మేలు చేస్తుంది కానీ మొత్తం వేడిని తీయలేదు.

ఫిల్టరు సందులు పెద్దవైతే సన్న దుమ్ము లోపలికి పోతుంది. అది టర్బో రెక్కలను, పిస్టను రింగులను అరగదీస్తుంది. కొన్ని ఫిల్టర్లకు నూనె రాస్తారు. నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సారు మీద పేరుకుంటుంది. అప్పుడు కొలత తప్పుతుంది.

మరి ఇవి ఎవరికీ పనికిరావా? పనికొస్తాయి. పందేల బండ్లకు పెద్ద టర్బో బిగిస్తారు. కంప్యూటరు లెక్క మారుస్తారు. అప్పుడు ఇంజను చాలా ఎక్కువ గాలి అడుగుతుంది. పాత గొట్టం చాలదు. టాక్సీకి ఆ అవసరం లేదు.

అసలు జబ్బు ఎక్కడ?

"మరి మా బండి ఎందుకు లాగడం లేదు బాబూ?" అని తల్లి అడిగింది.

మేస్త్రీ ఫిల్టరు పెట్టె విప్పాడు. ఫిల్టరు నల్లగా మారి ఉంది. దులిపితే దోసెడు దుమ్ము రాలింది. తర్వాత టర్బో నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం తడిమి చూశాడు. దానికి సన్నని చీలిక ఉంది. టర్బో తోసిన గాలి అక్కడే కారిపోతోంది.

"ఇల్లు కారుతుంటే చిల్లు పూడ్చాలి గానీ, కొత్త బిందె కొంటే ఏం లాభం?" అంది తల్లి.

మేస్త్రీ కాగితం ఫిల్టరు కొత్తది వేశాడు. చీలిన రబ్బరు గొట్టం మార్చాడు. క్లిప్పులు బిగించాడు. ఖర్చు పన్నెండు వేలలో పావు వంతు కూడా కాలేదు. తిరుగు దారిలో వంతెన ఎక్కేటప్పుడు కొడుకు నవ్వాడు. "ఇప్పుడు లాగుతోందమ్మా" అన్నాడు.

ఆ నెల వాయిదా సమయానికి కట్టారు. సంఘంలో అప్పు తీయలేదు.

గుర్తుంచుకోండి

* బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకు ఫిల్టరు మార్చాలి. దుమ్ము రోడ్ల మీద ఇంకా ముందే మార్చాలి.
* కాగితం ఫిల్టరును నీళ్ళతో కడగకూడదు.
* పికప్ తగ్గి, నల్ల పొగ, బుస్సుమనే చప్పుడు వస్తే గొట్టాలు చూపించాలి.
* వారంటీ ఉన్న బండికి బయటి భాగం బిగించే ముందు వారంటీ కాగితం చదవాలి.

మాట్లాడుకోండి

1. తల్లి డబ్బు ఇచ్చే ముందు ఏం చేసింది?
2. అమ్మేవాడిని అడగడానికి, బాగుచేసేవాడిని అడగడానికి తేడా ఏమిటి?
3. మీ ఇంట్లో ఇలా ఏదైనా వస్తువు కొనే ముందు ఎవరిని అడిగారు?