ఉద్యోగం పోయిన మనిషి, ఖాళీ అయిన రోజు



మీకింకా ఉద్యోగమే రాలేదు, పోవడం గురించి పాఠం ఎందుకని అడగవచ్చు. కాని మీలో కొందరి ఇళ్లలో నాన్నగారో, అన్నయ్యో, అక్కయ్యో పని పోయి ఇంట్లోనే ఉండి ఉండవచ్చు. "రోజంతా ఖాళీయే కదా, ఏదో ఒకటి చేసుకోవచ్చుగా" అని చుట్టాలు అనడం మీరు వినే ఉంటారు. తీరిక పెరిగితే చేసే పని కూడా పెరగాలి. లెక్క ప్రకారం అంతే. మనుషుల విషయంలో ఈ లెక్క తప్పుతుందని కొలిచి చూపినవారున్నారు.

ఆస్ట్రియాలో వియన్నా నగరానికి దగ్గర మరియంటాల్ అనే చిన్న ఊరుంది. ఊరంతటికీ ఆధారం ఒకే ఒక బట్టల మిల్లు. ఆర్థిక మాంద్యం వచ్చి 1929-30లో అది మూతపడింది. 1931లో మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే పరిశోధకులు తమ బృందంతో ఆ ఊరికి వెళ్లారు. అక్కడి 478 కుటుంబాల్లో మూడొంతులకు పైగా ఇళ్లలో ఒక్కరికైనా ఉద్యోగం లేదు.

వారి కొలతలు చాలా సాదాసీదావి. ముందు గ్రంథాలయం రిజిస్టర్లు చూశారు. జనానికి తీరిక పెరిగింది, చందా కూడా తీసేశారు. అయినా రెండేళ్లలో పుస్తకాలు తీసుకువెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది. తరవాత కిటికీ చాటున నిలబడి, పెద్ద వీధిలో నడిచేవారి వేగం లెక్కగట్టారు. (దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వస్తుందని మీరు చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నారు. అదే సూత్రం మనసు స్థితిని తెలుసుకోవడానికి కూడా పనికివచ్చింది చూడండి!) మగవాళ్లు మెల్లగా నడుస్తూ మాటిమాటికీ ఆగిపోతున్నారు. ఆడవాళ్లు చకచకా వెళ్లిపోతున్నారు. చాలామంది మగవాళ్లు గడియారం పెట్టుకోవడమే మానేశారు. నిన్న ఏ గంటకు ఏం చేశారో రాయమంటే లేవడం, తినడం, పడుకోవడం తప్ప వారికి పెద్దగా ఏమీ తోచలేదు.

ఆడవాళ్లకు వంట, పిల్లలు, చిరిగిన బట్టలకు అతుకులు ఉన్నాయి కాబట్టి వారి రోజుకు ఒక రూపం మిగిలింది. అలాగని వారు సుఖపడ్డారని కాదు. మిల్లు తెరిస్తే, రెండు చాకిరీలైనా సరే, మళ్లీ వెళతామని వాళ్లే చెప్పారు.

దీనికి కారణాన్ని యహోడా తరవాతి ఏళ్లలో వివరించారు. ఉద్యోగం ఇచ్చే జీతం అందరికీ కనిపిస్తుంది. కనపడకుండా అది మరికొన్ని ఇస్తుంది: రోజుకు ఒక వేళాపాళా, ఇంటి బయటి మనుషులు, పదిమందితో కలిసి చేసే పని, "ఫలానా చోట చేస్తాను" అని చెప్పుకునే గుర్తింపు. ఇవన్నీ జీతంతో పాటు ఒక్కరోజే పోతాయి. అటువంటి మనిషిని బద్ధకస్తుడనడం, జ్వరం వచ్చినవాణ్ణి ఒళ్లెందుకు కాలుతోందని తిట్టడం వంటిది.

ఇదేదో దూరదేశం సంగతి అనుకోకండి. 1982 జనవరిలో బొంబాయి బట్టల మిల్లుల్లో రెండు లక్షలకు పైగా కార్మికులు సమ్మెకు దిగారు. వారిలో చాలామంది మళ్లీ మిల్లు గేటు లోపలికి వెళ్లలేదు. తెలంగాణ జిల్లాల నుంచి అక్కడికి వెళ్లిన నేతపనివారు కూడా వారిలో ఉన్నారు.

మరి కొత్త పని ఎలా దొరుకుతుంది? 1973లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించినవారిని ఒక ప్రశ్న అడిగాడు: ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు? తరచుగా అన్నవారు సుమారు 17 శాతమే. అప్పుడప్పుడు అన్నవారు 56 శాతం, ఎప్పుడో ఒకసారి అన్నవారు 28 శాతం. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. మన దగ్గరి స్నేహితులకు తెలిసినవి చాలావరకు మనకూ తెలుసు. కొత్త కబురు ముఖపరిచయం ఉన్నవారి దగ్గర ఉంటుంది. 2022లో సుమారు రెండు కోట్లమంది లింక్డ్‌ఇన్ సభ్యులపై జరిపిన ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. మరీ దగ్గరా మరీ దూరమూ కాని పరిచయాలే ఎక్కువ ఉపయోగపడ్డాయని తేలింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. పని పోయిన మనిషి మొదట తప్పించుకునేది ఈ ముఖపరిచయస్తులనే. "ఇప్పుడేం చేస్తున్నావు?" అని అడుగుతారని పెళ్లిళ్లకు వెళ్లడు, పాత బస్టాపు వైపు తిరగడు.

కోపం సంగతి కూడా చెప్పాలి. 1994లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఉద్యోగం పోయిన 63 మందిలో కొందరిని రోజుకు 20 నిమిషాల చొప్పున ఐదు రోజులు తమ మనసులోని బాధను కాగితం మీద పెట్టమన్నారు. ఎనిమిది నెలల తరవాత వారిలో సగానికి పైగా ఉద్యోగాల్లో ఉన్నారు. మిగతావారిలో నాలుగో వంతు కూడా లేరు. అలాగని వీరు ఎక్కువ దరఖాస్తులు పెట్టలేదు. పాత యజమాని మీది కోపం ఇంటర్వ్యూలో పైకి రాకపోవడమే కారణం కావచ్చన్నారు. 63 చిన్న సంఖ్య, దీన్ని సూత్రంగా పట్టుకోవద్దు. అయితే ఒక నోటుబుక్కు ఖర్చే కదా.

ఇంట్లో పెద్దవారికి నిద్ర పట్టక, బతికి ఏం లాభమన్న మాట నోటివెంట వస్తే మాత్రం నోటుబుక్కుతో ఆగవద్దు. ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి తండ్రికి మిల్లులో పని పోయింది. అయినా ఆయన రోజూ ఎనిమిదింటికల్లా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని టీకొట్టుకు వెళ్లేవాడు. దండగ ఖర్చని ఇంట్లో గొడవ పడేవారు. ఐదో నెలలో, పేరు కూడా సరిగా తెలియని ఒక లారీ డ్రైవరు ఆ కొట్టు దగ్గరే చెప్పాడు, పక్క ఊరి జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు కావాలంటున్నారని. జీతం మునుపటికన్నా తక్కువ, పైగా రాత్రి షిఫ్టు. ఆయన మర్నాడే వెళ్లి చేరాడు.