మలబద్ధకము: మందే వ్యాధిగా మారరాదు

మా పెదపారుపూడి వైద్యశాలకు వచ్చే రోగులలో మలబద్ధకమును గురించి మొదటనే చెప్పేవారు అరుదు. తలనొప్పి అంటారు, ఆకలి లేదంటారు, నడుము పట్టినదంటారు. పొట్లము చేతికి తీసికొని మెట్లు దిగబోతూ వెనుకకు తిరిగి, "అయ్యా, ఇంకొక సంగతి..." అని గొంతు తగ్గిస్తారు. నిజమునకు వారు వచ్చినది ఆ సంగతి కొరకే. నలుబది ఏండ్లుగా చూస్తున్నాను, ఈ సిగ్గు మాత్రము తగ్గలేదు. వైద్యునికి చెప్పరానిది కనుక ఎవరో చెప్పిన పొడి, ఏదో దుకాణములో దొరికిన మాత్ర వాడుకుంటారు. అసలు చిక్కు అక్కడనే మొదలగును.

కొన్నేండ్ల క్రిందట పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులొకరు నా వద్దకు వచ్చినారు. వయస్సు 62. ప్రతి రాత్రి సునాముఖి ఆకు పొడి వాడుచున్నారు. అప్పటికి 11 ఏండ్లు. అర చెంచాతో మొదలైనది మూడు చెంచాలకు చేరినది. మానివేస్తే నాలుగు దినములైనను విరేచనము కాదు. కాళ్ల పిక్కలు లాగుచున్నవి, మెట్లెక్కితే ఆయాసము. "ఇంత పొడి ఇన్నేండ్లు ఎందుకు వాడినారు, మాస్టారూ?" అని అడిగితే, "ఆకే కదండీ, మన ఆయుర్వేదమే కదా! హాని ఏముంటుంది?" అన్నారు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానము.

ఆకు అయినంత మాత్రాన నిరపాయము కాదు

సునాముఖి మంచి ఔషధమే. పెద్దప్రేగును ప్రేరేపించి మలమును ముందుకు తోయును. నాలుగైదు దినముల అవసరమునకు వాడదగినది. ఏండ్ల తరబడి మోతాదు పెంచుకొనుచు పోయినచో విరేచనముతో పాటు నీరు, లవణములు కూడ దేహము నుండి వెడలిపోవును. వానిలో పొటాషియం తగ్గినచో కండరములు బలహీనపడును, గుండె లయ తప్పవచ్చును. కలబంద పట్ట క్రింద ఉండే పసుపు రసమునకు కూడ ఇట్టి తీక్ష్ణ గుణమే కలదు. మలబద్ధకమునకు వాడు కలబంద మందుల భద్రతకు తగిన ఆధారములు లేవని 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వానిని వైద్యుని చీటీ లేని అమ్మకము నుండి తొలగించినది. అదే సంస్థ 1999లో ఫినాల్ఫ్తలీన్ అను విరేచనపు రసాయనమును కూడ తొలగించినది. అనగా ఆకు అయినను, మాత్ర అయినను పరీక్ష ఒక్కటే. ఎంత మోతాదు, ఎన్ని దినములు, ఎవరికి?

ఇక పేరులేని పొట్లములలో అమ్మే "కడుపు శుభ్రత" పొడుల మాట చెప్పనక్కరలేదు. నేపాళము వంటి ఉగ్ర ద్రవ్యము కలిసి ఉన్నచో ప్రాణాపాయము. లోపల ఏమున్నదో వ్రాయని పొడిని ఇంటిలోనికి రానీయకండి.

ఉపాధ్యాయులవారి పొడిని ఒక్కసారిగా మాన్పించలేదు. మొదట గుడివాడలో రక్తపరీక్ష చేయించినాను. పొటాషియం తగ్గి ఉన్నది. అక్కడి వైద్యులు దానిని సరిచేసినారు. నేను వారమునకు కొంచెము చొప్పున పొడి తగ్గించి, ఆహారము మార్చి, ఇసబ్‌గోల్ అలవాటు చేసినాను. మూడు నెలలు పట్టినది. రెండవ నెలలో ఆయన విసిగి, "పాత పొడే నయమండీ" అన్నారు కూడ. నాలుగవ నెలలో మాత్రము మెట్లు దిగబోతూ వెనుకకు తిరుగలేదు.

ఎన్నిసార్లు అయితే సహజము?

నిత్యము ఒకసారి తప్పక కావలెనను భయముతోనే అనేకులు మందులకు అలవాటు పడుచున్నారు. దినమునకు మూడుసార్లు మొదలు వారమునకు మూడుసార్ల వరకు, ఎవరి ప్రకృతి వారిది. మన శాస్త్రములో మృదు, మధ్య, క్రూర కోష్ఠములని చెప్పినది ఇదియే. వారమునకు మూడుసార్లకన్న తక్కువైనను, మలము గట్టి ఉండలై ముక్కవలసి వచ్చినను, వెళ్లినను ఇంకను మిగిలియున్నట్లు అనిపించినను, అది మలబద్ధకము.

మూడు కారణములు

మొదటిది వేగావరోధము, అనగా వచ్చిన వేగమును ఆపుకొనుట. దీనివలన కడుపు నొప్పి, తలనొప్పి, పిక్కల పోటు, ఉబ్బరము కలుగునని చరక సంహిత సూత్రస్థానములో ఉన్నది. మా ప్రాంతములో మరుగుదొడ్లు లేని రోజులలో స్త్రీలు చీకటి పడువరకు ఓర్చుకొని, పిదప కాలువ గట్టుకు వెళ్లేవారు. నా వద్దకు వచ్చిన వృద్ధ స్త్రీలలో ఎందరికో ఈ వ్యాధి అట్లే నాటుకొన్నది. నేడు ఇంటనే దొడ్డి ఉన్నను, ఉదయము ఏడింటికి బడి బస్సు వచ్చును. బడిలో దొడ్డి శుభ్రముగా లేదని పిల్లలు సాయంత్రము దాక ఆపుకొందురు. కారణము మారినది, వ్యాధి మారలేదు.

రెండవది ఆహారము. మా డెల్టాలో వరి పండును, వరి కోసిన చేలలో మినుము పండును. దంపుడు బియ్యము, పొట్టు మినప్పప్పు తిన్న ఇండ్లలోనే నేడు తెల్లని బియ్యము, పొట్టు తీసిన పప్పు. తవుడు గేదెలకు, పొట్టు కుండీలోనికి పోవుచున్నవి. మనకు కావలసిన పీచు వానితోనే వెళ్లిపోవుచున్నది. 1972లో డెనిస్ బర్కిట్ అను శస్త్రవైద్యుడు తన సహచరులతో కలిసి ఆఫ్రికా గ్రామీణులను, ఇంగ్లాండు వారిని పోల్చి చూచి, పీచు ఎక్కువగా తినువారిలో మలము అధికముగా, త్వరగా వెలువడుచున్నదని ప్రకటించినాడు. మన పెద్దల గంజి, దంపుడు బియ్యము, ఆకుకూరల వెనుక ఉన్న రహస్యము అదియే.

మూడవది, వాడుచున్న ఇతర మందులు. ఇనుము, కాల్షియం మాత్రలు, అల్యూమినియం కలిసిన కడుపు మంట మందులు, కొడీన్ ఉన్న దగ్గు మందు, కొన్ని నొప్పి మందులు మలమును బిగించును. థైరాయిడ్ తక్కువగా ఉన్నను, మధుమేహము ముదిరినను ఇట్లే జరుగును. కారణమును వదలి ప్రేగును కొరడాతో కొట్టినట్లు మందు వేసిన ప్రయోజనము లేదు.

ఇంటనే చేయదగినవి

1. ఉదయము గ్లాసు గోరువెచ్చని నీరు. ఫలాహారము చేసిన పిమ్మట ప్రేగులు సహజముగా కదలును. అప్పుడు పది నిమిషములు తొందర లేకుండ కూర్చొనవలెను. ఎత్తైన కమోడు అయినచో పాదముల క్రింద చిన్న పీట వేసికొనుడు. గొంతుకూర్చుండు భంగిమకు దగ్గరగా వచ్చి మార్గము సుగమమగును.

2. తోటకూర, బచ్చలి, చుక్కకూర, ఆనపకాయ, అరటి దూట, ఉలవలు, తేగలు, జామ, బొప్పాయి. వీనిలో రెండైనను దినమూ ఉండవలెను. అయితే పీచును ఒక్కసారిగా పెంచరాదు. వాయువు చేరి ఉబ్బరించును. రెండు మూడు వారములలో మెల్లగా పెంచుకొనుడు.

3. రాత్రి నానబెట్టిన 15 ఎండుద్రాక్షలు, లేదా రెండు అంజీర పండ్లు, ఉదయము ఆ నీటితో సహా. మధుమేహ రోగులు వీనిని వాడరాదు.

4. ఇసబ్‌గోల్ పొట్టు ఒకటి రెండు చెంచాలు, నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే త్రాగి, పైన మరియొక గ్లాసు నీరు త్రాగవలెను. నీరు చాలనిచో అదే అడ్డుపడును. మింగుట కష్టమైనవారు, ప్రేగు సన్నబడినవారు వాడరాదు. ఇతర మందులకు, దీనికి రెండు గంటల ఎడము ఉండవలెను. గుండె, మూత్రపిండ వ్యాధులు కలవారు నీరు పెంచుటకు ముందు తమ వైద్యుని అడుగవలెను.

5. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ పెచ్చుల చూర్ణము త్రిఫల. రాత్రి మూడు గ్రాములు గోరువెచ్చని నీటితో, రెండు మూడు వారములు. మలము పలుచనైనచో ఆపివేయవలెను. గర్భిణులకు, చిన్నపిల్లలకు సొంతముగా ఇవ్వరాదు.

ఆముదము గురించి తల్లులకు ఒక మనవి. పసిబిడ్డకు ముక్కు మూసి ఆముదము పట్టు పాత ఆచారము ప్రమాదకరము. నూనె ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా వచ్చును. గర్భిణులు అసలే తీసికొనరాదు.

పీచు, నీరు, త్రిఫల అన్నియు అయినను కొందరికి ఫలితముండదు. ముక్కునప్పుడు సడలవలసిన గుదకండరములు వారిలో బిగియును. వారికి కావలసినది మందు కాదు, కండరములకు శిక్షణ. దానిని ఆధునిక వైద్యశాలలలో నేర్పుదురు.

నా పొరపాటు

ఇది చెప్పకుండ వ్యాసము ముగించుట న్యాయము కాదు. పదిహేనేండ్ల క్రిందట, అరువదికి చేరువైన ఒక రైతు రెండు నెలలుగా విరేచనము సరిగా లేదని వచ్చినారు. చిన్ననాటి నుండి ఎరిగినవారు కనుక చనువుతో నాలుక చూచి, నాడి చూచి, త్రిఫల ఇచ్చినాను. ఆరు వారములు అదే ఇచ్చినాను. ఒకనాడు మందు కొరకు వారి కోడలు వచ్చి, "మామయ్యగారి చొక్కాలన్నీ వదులైపోయినాయి బాబాయిగారూ" అన్నది. ఆ మాట నేను మొదటి దినముననే అడిగి తెలిసికొనవలసినది. మరునాడే విజయవాడ పంపినాను. పెద్దప్రేగులో కంతి. శస్త్రచికిత్స చేసినారు, నాలుగేండ్లు జీవించినారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఆరు వారములను మాత్రము నేను నేటికీ లెక్కపెట్టుకొనుచునే ఉన్నాను.

నాటి నుండి మలబద్ధకమని వచ్చిన ప్రతి ఒక్కరిని ఐదు ప్రశ్నలు అడుగుచున్నాను. మీరును మీ ఇంటి పెద్దలను అడుగుడు. మలములో రక్తము పడుచున్నదా? కారణము లేకుండ బరువు తగ్గుచున్నారా? ఏబది దాటిన పిదప అలవాటు కొత్తగా మారినదా? రక్తహీనత గాని, ఇంటిలో ఎవరికైనను ప్రేగు క్యాన్సరు గాని ఉన్నదా? కడుపు ఉబ్బి, వాంతులై, అపానవాయువు కూడ వెడలుట లేదా? మొదటి నాలుగింటిలో దేనికి "అవును" అన్నను, ఏ చూర్ణము కొరకు ఆగక, ఆ వారములోనే పెద్ద ఆసుపత్రిలో పరీక్ష చేయించుకొనుడు. అయిదవది అయినచో ఆ గంటలోనే వెళ్లవలెను.

ఈ సంగతిని ఇంటిలో సిగ్గుపడక మాట్లాడుకొనుడు. మా గురువుగారు రోగి నోరు విప్పువరకు కల్వము ముట్టేవారు కారు.