పదిలో ఏడుసార్లు ఔటైనా హీరోనే: బేస్‌బాల్, రాక్ పాట, మా అన్న 60 రోజులు

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, నీ వెనకాల గోడకు ఆ నీలం టోపీ ఏంది? దాని మీద టీ అని ఉంది. టీ కొట్టు పెట్టినవా?" అని. మస్తు నవ్వుకున్నా. కాదు తమ్మీ, అది టెక్సాస్ రేంజర్స్ టోపీ. అమెరికాలో బేస్‌బాల్ టీం. కరీంనగర్ మంకమ్మతోటలో కూర్చొని బేస్‌బాల్ ఏందిరా అని మా నాన్న కూడా అడిగిండు. ఇయ్యాల ఆ కథే చెప్తా. ఆట ఎట్లా ఆడతారో చెప్తా, దానితో పాటు ఒక రకం రాక్ పాట గురించి చెప్తా. రెండూ నాకు ఒకేసారి, ఒకే మనిషి దగ్గర్నుంచి వచ్చినయ్.

ఆ మనిషి మా పెద్దమ్మ కొడుకు. మంచిర్యాలలో పెరిగాడు. ఎండాకాలం సెలవులొస్తే నేను అక్కడే. ఇద్దరం చిర్రగోనె ఆడేవాళ్లం. చిర్రను లేపి కొట్టాలి, అవతలోడు గాల్లో పట్టుకుంటే ఔట్. ఇప్పుడు ఆ అన్న డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేరే. 2023 సెప్టెంబర్ మూడో వారంలో ఆయన ఉద్యోగం పోయింది. పొద్దున మీటింగ్, మధ్యాహ్నానికి లాప్‌టాప్ లాక్. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజులు టైం ఉంటది. ఆ లోపు ఇంకో కంపెనీ మన పేరు మీద పిటిషన్ వేయాలి, లేదంటే వేరే స్టేటస్‌కు మారాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. ఈ సంగతి పెద్దమ్మకు చెప్పలేదు. నాకు మాత్రమే చెప్పాడు.

నాకు చెప్పినా దాని గురించి మాట్లాడడు. "ఇంటర్వ్యూలు ఎట్లా అయినయ్ అన్నా?" అంటే "అయితున్నయ్ రా" అంతే. కానీ అక్టోబర్ మొదట్లో ఒకరోజు పొద్దుగాల ఐదున్నరకు వీడియో కాల్ చేశాడు. అక్కడ రాత్రి ఏడు. ఫోన్‌ను టీవీ వైపు తిప్పి పెట్టాడు. "మ్యాచ్ చూద్దాం పట్టు. ఒక్కడినే చూడబుద్ధి అయితలేదు" అన్నాడు. అట్లా మొదలైంది.

ముందు ఆట చెప్తా. క్రికెట్ తెలిస్తే పది నిమిషాల పని.

రెండు టీంలు, ఒక్కో వైపు తొమ్మిది మంది. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో ఒక్కో టీంకు మూడు ఔట్లే. మూడు ఔట్లు కాగానే బ్యాటింగ్ మారుతుంది. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఒక టీం చేతిలో 27 ఔట్లు. మైదానంలో నాలుగు బేస్‌లు చదరంగా ఉంటాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి 90 అడుగులు. బంతి కొట్టి, చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికే వస్తే ఒక రన్. బంతి పిచ్ పడి లేవదు, నేరుగా గాల్లోనే వస్తుంది. వేసే చోటు నుంచి 60 అడుగుల 6 అంగుళాల దూరం. మన క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. దానికంటే దగ్గర్నుంచి, గంటకు 150 కిలోమీటర్ల వేగంతో, గుండ్రటి బ్యాట్‌తో కొట్టాలి. బ్యాట్ గుండ్రంగా ఉండడం వల్ల మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా బంతి ఎటో పోతుంది.

బ్యాటర్ ముందు ఒక కనిపించని డబ్బా ఉంటుందనుకోండి. మోకాళ్ల కింది నుంచి ఛాతీ మధ్య దాకా. బంతి ఆ డబ్బాలోంచి పోతే, లేదా మనం బ్యాట్ ఊపి మిస్ చేస్తే, స్ట్రైక్. మూడు స్ట్రైక్‌లు అయితే ఔట్. డబ్బా బయట పడిన బంతిని మనం ఊపకుండా వదిలేస్తే అది బాల్. నాలుగు బాల్స్ అయితే ఫ్రీగా ఫస్ట్ బేస్‌కు నడిచిపోవచ్చు. ఊపాలా, వదలాలా అని తేల్చుకోవడానికి అర సెకను కూడా ఉండదు.

ఇక్కడే నాకు మొదటి షాక్. పదిసార్లు బ్యాటింగ్‌కు వచ్చి మూడుసార్లు హిట్ కొడితే వాడు స్టార్. ఏడుసార్లు ఔటై తలకాయ దించుకొని వెనక్కి పోయినా స్టారే. 1941లో టెడ్ విలియమ్స్ సీజన్ మొత్తంలో వెయ్యికి 406 లెక్కన కొట్టాడు. దాన్ని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అంటే పదిలో నాలుగు. అంత గొప్పోడు కూడా సగం కంటే ఎక్కువసార్లు ఫెయిలే. నేను ఎంసెట్ చదివిన రోజుల్లో పదికి మూడు రైట్ అని ఇంటికి చెప్తే ఏమయ్యేదో మీకు తెలుసు.

రెండో షాక్. సీజన్‌లో ఒక్కో టీం 162 మ్యాచ్‌లు ఆడుతుంది. 2023లో రేంజర్స్ 90 గెలిచింది, 72 ఓడిపోయింది. డెబ్బై రెండు! ఐపీఎల్‌లో వరసగా నాలుగు ఓడితే మనం కెప్టెన్‌ను మార్చమని లొల్లి పెడతాం.

అట్లా తట్టుకుంటూ రేంజర్స్ వైల్డ్ కార్డ్‌గా ప్లేఆఫ్స్‌కు వచ్చింది. వైల్డ్ కార్డ్ అంటే డివిజన్ గెలవకున్నా రికార్డ్ బాగుంటే దొరికే సీటు. అప్పటిదాకా వాళ్లకు ఒక్క వరల్డ్ సిరీస్ కూడా లేదు. 1961లో వాషింగ్టన్‌లో పుట్టిన టీం, 1972లో టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌కు వచ్చింది. 2011లో దాదాపు గెలిచారు. అక్టోబర్ 27, ఆరో మ్యాచ్. సెయింట్ లూయిస్ మీద సిరీస్‌లో 3-2 ముందున్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు ఔట్లు, రెండు స్ట్రైక్‌లు. ఇంకొక్క స్ట్రైక్ పడితే కప్పు. అవతలోళ్లు కొట్టి సమం చేశారు. పదో ఇన్నింగ్స్‌లో రేంజర్స్ మళ్లీ ముందుకొచ్చింది. మళ్లీ రెండు ఔట్లు, రెండు స్ట్రైక్‌లు. మళ్లీ కొట్టారు. పదకొండో ఇన్నింగ్స్‌లో ఓడిపోయారు. తర్వాతి రోజు ఏడో మ్యాచ్ కూడా పోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మనం వాంఖడేలో కప్పు గెలిచి పటాకులు కాల్చినం. అక్కడ వాళ్లు ఏడ్చారు.

ఇప్పుడు పాట దగ్గరికి వస్తా.

2023లో రేంజర్స్ ప్లేయర్లు డ్రెస్సింగ్ రూంలో క్రీడ్ అనే బ్యాండ్ పాట ఒకటి పెట్టుకునేవాళ్లు. పేరు హయ్యర్, 1999 నాటిది. చాలా ఏళ్లు ఆ బ్యాండ్‌ను అమెరికాలో ఎగతాళి చేశారు, మీమ్స్ చేశారు. అట్లాంటి పాటను ఈ టీం పట్టుకుంది. ప్లేఆఫ్స్ వచ్చేసరికి స్టేడియం మొత్తం పాడుతోంది. అన్న ఫోన్‌లోంచి నాకు వినపడింది ముందు ఆ గోలే. అది మెలోడిక్ రాకా, ఇంకో రకమా అని లేబుల్ వేయబోతే అభిమానులు కొట్టుకుంటారు. నాకు దాన్ని పట్టుకొని వెనక్కి పోతే అసలు గని దొరికింది.

మెలోడిక్ రాక్ అంటే సింపుల్‌గా చెప్తా. గిటార్ గట్టిగానే ఉంటది, డ్రమ్స్ గట్టిగానే ఉంటయి, కానీ అన్నిటికంటే మీద రాగం ఉంటది. ఒకసారి వింటే బండి మీద పోతూ కూనిరాగం తీస్తాం చూడండి, అట్లా. మన దగ్గర 2007లో హ్యాపీ డేస్ పాటల్లో మిక్కీ జె మేయర్ గిటార్‌ను రాగంతో కలిపి వాడిన తీరు గుర్తు తెచ్చుకోండి. ఆ రుచికి పక్క వీధే ఇది.

కానీ కట్టుబడిలో తేడా ఉంది. మన సినిమా పాటలో పల్లవి ముందే వస్తుంది. మంచి ముక్క ముందే పెట్టేసి, చరణం పాడి, మళ్లీ పల్లవికి వస్తాం. రాక్ పాటలో ఎక్కువగా చరణం లాంటిది ముందు వస్తుంది, మెల్లగా మెట్లు ఎక్కిస్తారు, అప్పుడు కోరస్ పేలుతుంది. దీన్ని చివరిదాకా లాగింది జర్నీ అనే బ్యాండ్. 1981లో వాళ్లు చేసిన డోంట్ స్టాప్ బిలీవింగ్ నాలుగు నిమిషాల పాట. ఆ పేరున్న కోరస్ మొదటిసారి వచ్చేది మూడు నిమిషాలు దాటాకే! అప్పటిదాకా వెయిటింగే. రీల్స్ కాలంలో పదిహేను సెకన్లలో హుక్ రాకపోతే మనం స్క్రోల్ చేస్తాం. 2005లో షికాగో వైట్ సాక్స్ ఆ పాటనే తమ పాటగా చేసుకొని 88 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆటకూ పాటకూ అంత చుట్టరికం.

ఇంజనీరింగ్ పిల్లలకు ఒక ముచ్చట. బోస్టన్ అనే బ్యాండ్ ఉంది. దాని వెనకున్న మనిషి టామ్ షోల్జ్, ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు, పోలరాయిడ్ కంపెనీలో ఉద్యోగం. పగలు డ్యూటీ, రాత్రి ఇంటి బేస్‌మెంట్‌లో సొంతంగా కట్టుకున్న స్టూడియో. ఏళ్ల తరబడి డెమోలు పంపాడు, కంపెనీలు వద్దన్నాయి. 1976లో వచ్చిన మొదటి ఆల్బం ఒక్క అమెరికాలోనే 1 కోటి 70 లక్షల కాపీలు పోయింది. మెకానికల్ వాళ్లు కాలర్ ఎగరేయొచ్చు.

సరే, మళ్లీ ఇర్వింగ్ పోదాం. ఆ అక్టోబర్ అంతా మా ఇద్దరి పని అదే. నేను ఛాయ్ గ్లాసు పట్టుకొని డాబా మీద, అన్న సోఫాలో. బేస్‌బాల్‌లో సందులు ఎక్కువ. ఇన్నింగ్స్ మారేటప్పుడు, పిచర్‌ను మార్చేటప్పుడు. ఆ సందుల్లోనే అన్న మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టాడు. "నిన్న ఒకటి ఫైనల్ రౌండ్‌లో పోయింది రా." "రెంట్ వచ్చే నెల దాకా ఓకే." "అమ్మ రోజూ అడుగుతది, ఆఫీసుకు ఏం కూర తీస్కపోయినవ్ అని." ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఒక్క ముక్క చెప్పని మనిషి, కళ్లు టీవీ మీద పెట్టి అన్నీ చెప్పాడు. నేను సలహాలు ఇవ్వలేదు. "ఇప్పుడు ఎన్ని ఔట్లన్నా?" అని అడిగేవాణ్ణి.

వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ అక్టోబర్ 27. అవును, 2011లో గుండె పగిలిన అదే తారీఖు. మనకు 28 పొద్దున. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రేంజర్స్ 3-5 వెనకపడి ఉంది. ఒక ఔట్ అయిపోయింది. కోరీ సీగర్ హోం రన్ కొట్టాడు, అంటే బంతి గోడ దాటింది, 5-5. పదకొండో ఇన్నింగ్స్‌లో అడోలిస్ గార్సియా ఇంకోటి కొట్టాడు. మ్యాచ్ ఖతం. అన్న అరుపుకు మా కింది వాటా అంకుల్ బయటికొచ్చాడు, ఫోన్ స్పీకర్ మీద ఉంది మరి.

బేస్‌బాల్‌లో మ్యాచ్‌కు గడియారం లేదు. ఒక్కో బంతి వేయడానికి 2023 నుంచి టైమర్ పెట్టారు గానీ, మ్యాచ్‌కు టైం అయిపోవడం అనేది ఉండదు. ఆఖరి ఔట్ పడేదాకా ఎంత వెనకున్నా రావచ్చు. ఆ రోజు అన్న అన్న మాట: "నాకు గడియారం ఉంది రా. అందుకే ఇది చూస్తున్నా." నేను ఏం మాట్లాడలేదు.

నవంబర్ 1న, మనకు 2వ తారీఖు పొద్దున, రేంజర్స్ అరిజోనా మీద 5-0తో గెలిచి మొదటి కప్పు ఎత్తింది. ఆ ప్లేఆఫ్స్‌లో బయటి మైదానాల్లో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచారు. అదే రోజు మధ్యాహ్నం నుంచి వాంఖడేలో మనోళ్లు ఆడి శ్రీలంకను 55కే ఆలౌట్ చేశారు. అంత మంచి రోజు నాకు మళ్లీ రాలేదు. కానీ అన్నకు ఇంకా ఉద్యోగం రాలేదు. కప్పు గెలిస్తే ఆఫర్ లెటర్ రాదు కదా. నవంబర్ రెండో వారంలో వచ్చింది, జీతం తక్కువకే. గడువుకు మూడు రోజుల ముందు కొత్త కంపెనీ పిటిషన్ వేసింది.

ఆ తర్వాత నవంబర్ 19. గుర్తుంది కదా. వరసగా పది గెలిచి, ఆ ఒక్క రోజు ఓడిపోయినం. నేను టీవీ ఆపేసి కూర్చుంటే ఈసారి అన్నే ఫోన్ చేశాడు. "72 ఓడిపోయినోళ్లు ఛాంపియన్లు అయిండ్రు. ఒక్కటి ఓడినోళ్లు కాలేదు. ఇది ఆట తేడా రా, మనుషుల తేడా కాదు" అన్నాడు.

ఇదే నేను మీకు చెప్దామనుకున్నది. వరల్డ్ సిరీస్‌లో ఏడింట్లో నాలుగు గెలవాలి, ఒక్క చెడ్డ రోజుతో ఎవరూ పోరు. మన వరల్డ్ కప్ ఫైనల్ ఒక్క రోజు. ఎంసెట్ ఒక్క రోజు, క్యాంపస్ ఇంటర్వ్యూ అరగంట. మన దగ్గర చాలావరకు ఒక్క మ్యాచ్ నాకౌట్ పద్ధతే. పద్ధతి అట్లా ఉందని, ఆ ఒక్క రోజు ఓడినోడు పనికిరానోడు అయిపోడు. ఆడించిన తీరే వేరు. ఇంట్లో తమ్ముడో చెల్లెనో ర్యాంకు రాక గదిలో కూర్చుంటే సలహా చెప్పకండి. పక్కన కూర్చొని ఏదన్నా ఒక ఆట పెట్టండి, సందులు ఎక్కువున్న ఆట. మాట అదే వస్తది.

పోయినేడాది అన్న వచ్చినప్పుడు తెచ్చిందే ఈ టోపీ. పెద్దమ్మకు ఆ 60 రోజుల సంగతి అప్పుడే చెప్పాడు. ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత "గా టోపీ నాకెందుకు తేలేదు?" అంది.

ఇంటికి పోయి జర్నీ పాట పెట్టుకోండి. మూడు నిమిషాలు స్క్రోల్ చేయకుండా ఆగగలిగారా లేదా కామెంట్లో రాయండి. ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం.