అద్దాల తలుపుకి మనం వచ్చినట్టు ఎలా తెలుస్తుంది?

పెదబయలు నుంచి విశాఖ వెళ్లినప్పుడు పెద్ద షాపుల్లో చూసే ఉంటారు: దగ్గరికి వెళ్తే చాలు, అద్దాల తలుపు పక్కకు జరిగిపోతుంది.

దానిపైన ఉండే చిన్న పెట్టే సెన్సర్. ఒక రకం సెన్సర్ కంటికి కనపడని పరారుణ కిరణాలను నేలమీదికి వదిలి, తిరిగొచ్చేదాన్ని కొలుస్తుంది. మనిషి అడ్డొస్తే కొలత మారుతుంది, మోటారు తిరుగుతుంది. రెండో రకం ఏమీ వదలదు. మన ఒంటి వేడికి వెలువడే, సుమారు 10 మైక్రాన్ల పరారుణ కిరణాలను పసిగడుతుంది. పెదబయలు చలిలో ఒంటికీ నేలకీ వేడిలో తేడా ఎక్కువ కాబట్టి దాని పని సులువు. విజయవాడ మే ఎండల్లో ఆ తేడా తగ్గి తడబడుతుంది. పైగా కదలకుండా నిలబడితే మనల్ని మర్చిపోతుంది! తలుపులకు మొదటిదే నయం.

సెన్సర్‌ను బిగించడంలో అసలు కిటుకు కోణం. మరీ బయటికి వంచితే దారినపోయే కుక్కకీ తలుపు తెరుచుకుంటుంది. మరీ లోపలికి వంచితే కదిలే తలుపునే మనిషనుకుని మళ్లీ మళ్లీ తెరుస్తుంది. అందుకే మెకానిక్ కొద్దికొద్దిగా తిప్పుతూ, అన్ని వైపుల నుంచీ తానే నడిచి చూస్తాడు. పండగనాడు కట్టిన మామిడి తోరణం గాలికి ఊగినా తలుపు తెరుచుకోవచ్చు. మరి గుమ్మంలో ఆగిపోతే? చాలా తలుపులకు గుమ్మానికి అడ్డంగా ఇంకో కిరణం ఉంటుంది. దానికి మనం అడ్డున్నంతసేపూ తలుపు మూసుకోదు.