వెంట్రుకలతో కట్టిన కప్ప

మన పల్లెల చెరువులలో కొర్రమీనుకై గాలము వేయువారు బ్రతికియున్న కప్పను ముల్లుకు గుచ్చి నీటిపై విడుచుట పలువురు ఎరిగినదే. కప్ప కొట్టుకొనుచుండగా, కలువాకుల చాటున పొంచియున్న చేప ఒక్క ఉదుటున పైకివచ్చి దానిని మ్రింగును. ఇదే కార్యమును ప్రాణము లేని కప్పతో సాధించు విద్య యొకటి అమెరికా దేశమున వర్ధిల్లినది. దాని నిర్మాణ విధానమును విద్యార్థి మిత్రులకు తెలుపదలచితిమి.

ఉత్తర అమెరికా తూర్పు భాగపు మంచినీటి సరస్సులలో లార్జ్‌మౌత్ బాస్ అను పెద్దనోటి చేప కలదు. కొర్రమీనువలె ఇదియు నాచు నడుమ దాగి కప్పలను పట్టును. డాక్టర్ జేమ్స్ హెన్షాల్ 1881లో బాస్ చేపలపై ఒక పెద్ద గ్రంథమునే వెలువరించెను. ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధమున వెస్ట్ వర్జీనియా వాసి జో మెస్సింజర్ జింక వెంట్రుకలతో కట్టిన కప్ప మిక్కిలి ప్రసిద్ధి గాంచినది. ఇట్టి ఎరలను ‘ఫ్లై’ అందురు. ఈగ యని ఆ మాటకు అర్థము. తొలుత కీటకములను అనుకరించి కట్టుటచే వచ్చిన ఆ పేరే కప్పకును నిలిచిపోయినది.

వెంట్రుకలే ఏల? జింక మేని వెంట్రుక మన తలవెంట్రుక వంటిది కాదు. దాని లోపల గాలి నిండిన సూక్ష్మమైన గదులు కలవు. అందుచే అది నీటిపై తేలును. అంతేకాక దారముతో నడుమ బిగించినచో అచట నలిగి, రెండు కొనలును విసనకర్రవలె విచ్చుకొనును. ఈ రెండు గుణములే కప్ప నిర్మాణమునకు ఆధారములు.

వంపు వెడల్పుగా నున్న ముల్లును చిన్న వైస్‌లో బిగింపవలెను. జింకతోక వెంట్రుకలను రెండు కుచ్చులుగా ముల్లు వెనుక భాగమున కట్టి, ఒక్కొక్క కుచ్చు నడుమ ముడివేసినచో మోకాలు వంచిన కాళ్ళు ఏర్పడును. పిదప పెన్సిలు మందమున మేని వెంట్రుకలను ముల్లు కాడపై నుంచి, గట్టి దారముతో రెండు చుట్లు వదులుగా చుట్టి, మెల్లగా లాగి బిగింపవలెను. పైన ఆకుపచ్చ, క్రింద లేత పసుపు కుచ్చులను పెట్టుచు, ప్రతి వరుసను వ్రేళ్ళతో వెనుకకు నెట్టుచు కాడ నిండువరకు కట్టవలెను. వరుసలు ఎంత దట్టమైన కప్ప అంత బాగుగా తేలును. తుదకు పదునైన బ్లేడుతో పొట్టను చదునుగాను, వీపును గుండ్రముగాను కత్తిరింపవలెను. పొట్టక్రింద వెంట్రుకలు మిగిలినచో ముల్లు చేప నోట నాటుకొనదు.

ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. చేప కప్పను క్రిందినుండి చూచును. దానికి కనబడునది ఆకాశపు వెలుగులో పొట్టయొక్క నీడ, కాళ్ళ కదలిక మాత్రమే. వీపుపై మనము దిద్దు చుక్కలు చేపకంటె మనకే ఎక్కువ ఆనందము నిచ్చును! కావున ఎరను ఆకుల అంచున విసరి, అలలు అణగువరకు కదల్పక, పిమ్మట చిన్నగా ఒక్కసారి లాగవలెను. ఆ క్షణకాలపు నిశ్చలతయే నిజమైన కప్ప లక్షణము.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అడవిలోని దుప్పి, కణుజుల వెంట్రుకలను సేకరింపరాదు. అందులకు చింతింప నక్కరలేదు. గాలి గదులతో తేలు నురుగు రబ్బరు ముక్కను కప్ప ఆకారమున కోసి, ముల్లుకు కట్టి, సన్నని రబ్బరు పోగులను కాళ్ళుగా అమర్చినను పని నెరవేరును. సూత్రమొక్కటే, వస్తువు వేరు.

దీనివలన లాభము చేపలు పట్టువానికి మాత్రమే కాదు. కప్ప పొలములలో కీటకములను తిని రైతునకు తోడ్పడు జీవి. దానిని కాపాడుటకై భారత ప్రభుత్వము 1987లో కప్పకాళ్ళ ఎగుమతిని నిషేధించినది. ఎరకై పట్టు కప్పలకు ఆ రక్షణ చాలదు. ముల్లుపై గిలగిలలాడు ప్రాణి బాధను తప్పించునది మన చేతిపనియే. అట్లే వానకాలమున కొర్రమీను జంట తన పిల్లల గుంపును కావలి కాయుచున్నప్పుడు కృత్రిమమైన కప్పను సైతము ఆ దరికి విసరకుండుట మేలు. తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలు ఇతర చేపల పాలగును. ప్రకృతిని నిశితముగా గమనించువాడే మంచి కప్పను కట్టగలడు. అట్లు గమనించినవాడు దేనిని విడిచిపెట్టవలెనో కూడ నేర్చుకొనును.